ఆ గంట ఎవరిది?



మొన్నటి క్రిస్మస్ సెలవులకు మా క్యాంపు పిల్లవాడొకడు బెంగుళూరు నుండి ఇంటికి వచ్చాడు. నా దగ్గర ఐదో తరగతి చదివినవాడు. ఇప్పుడు అక్కడ ఒక కంపెనీలో కంప్యూటర్ ఉద్యోగం. ఆరాధన ముగిసి అందరూ భోజనాల వైపు వెళుతుంటే, వాడు నన్ను వేపచెట్టు కిందకు పిలిచి, ఒక అట్టల సంచిలోంచి పది పన్నెండు బొమ్మలు తీసి చూపించాడు. అన్నీ నీటిరంగుల్లో వేసిన ప్రకృతి చిత్రాలే. కాలువ గట్టు, అప్పుడే నాట్లు పడిన మడి, మస్కి దారిలో ఒకదాని మీద ఒకటి పేర్చినట్లుండే గుండ్ల కొండ, వాన ముందటి నల్లరేగడి. చూసి కాసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకో తరువాత చెబుతాను.

వాడు అడిగింది ఇది: “మాస్టారూ, పొద్దున ఎనిమిదికి బయలుదేరితే రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరుతున్నాను. ఆదివారం నిద్రకే సరిపోతోంది. మూడేళ్ల నుండి ఏడాదికి నాలుగు బొమ్మలు వేస్తే ఎక్కువ. ఇవి వేయకపోతే నాకు బ్రతికినట్టు లేదు. ఉద్యోగం మానమంటారా, బొమ్మలు మానమంటారా?”

పక్కనే నిలబడిన వాళ్ల నాన్న అందుకున్నాడు. “ఇంటి లోను ఇంకా పన్నెండేళ్లుందండీ మాస్టారూ. మీరైనా కాస్త బుద్ధి చెప్పండి.”

నేనేమన్నాను? “రెండూ చెయ్యి బాబూ, దేవుడు సహాయం చేస్తాడు” అన్నాను. పెద్దవాళ్లము తరచు ఇచ్చే జవాబే ఇది. కానీ ఆలోచిస్తే ఇది జవాబు కాదు, తప్పించుకోవడం. రోజుకున్న గంటలు ఎవరి విశ్వాసాన్ని బట్టీ పెరగవు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పుడు చెప్పవలసినది ఇప్పుడు ఈ పత్రికలో రాస్తున్నాను. ప్రశ్న వాడొక్కడిదే కాదు. పాడేవారికి, రాసేవారికి, వీణ నేర్చుకొని వదిలేసిన మన ఆడపిల్లలకు కూడా ఇది ఉన్న ప్రశ్నే.

మన నేల, మన అలవాటు

1953లో తుంగభద్ర ఆనకట్ట నీళ్లు కాలువల్లోకి వదిలిన తరువాత, మన పెద్దలు కృష్ణా, గుంటూరు, గోదావరి ప్రాంతాల నుండి వచ్చి ఎడమ కాలువ కింద సింధనూరు, మాన్వి వైపు మెట్ట భూములు కొన్నారు. సుమారు 227 కిలోమీటర్ల పొడవైన ఆ కాలువ మన బ్రతుకు. తుమ్మలు కొట్టారు, నేల చదును చేశారు, గుడిసెల క్యాంపులను ఊళ్లు చేశారు. వాళ్లకు తెలిసిన పుణ్యం ఒక్కటే, పని. పని చేయని చెయ్యి మన క్యాంపుల్లో అనుమానానికి గురయ్యేది.

పదేళ్ల వయసులో నేను బొగ్గుముక్కతో ధాన్యపు కొట్టు గోడ మీద కొండ బొమ్మ గీస్తుంటే మా నాన్నగారు చూసి, “గట్టు తెగిందిరా, ముందది చూడు” అన్నారు. ఆయన కోపంతో అనలేదు. గట్టు నిజంగానే తెగింది. అయితే ఆ మాట నాలో ఉండిపోయింది. అప్పటి నుండి ఏ బొమ్మ వేసినా, ఎక్కడో ఒక గట్టు తెగి ఉంటుందనీ నేను దాన్ని చూడడం లేదనీ అనిపించేది. వలస వచ్చిన వాళ్ల పిల్లలకు ఈ మనస్సాక్షి వారసత్వంగా వస్తుందనుకుంటాను.

టి.సి.హెచ్. ట్రైనింగులో నాకు మొదటిసారిగా ఒక ఊరట దొరికింది. అక్కడ బొమ్మ గీయడం కూడా పాఠమే. నల్లబల్ల మీద ఆకు, నది, కొండ వేయడం రానివాడు పిల్లలకు ఏం చెబుతాడు అని మా అధ్యాపకులు అనేవారు. ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో రంగుల పెట్టె కొన్నాను. బడికి వెళ్లే ముందు తెల్లవారుజామున కాలువ గట్టున ఒక గంట కూర్చునేవాడిని. మన రాయచూరు ఎండల్లో నీటిరంగు వేయాలంటే అదే సమయం. తొమ్మిది దాటితే కాగితం మీద తడి నిలవదు, ఒక రంగు పక్క రంగులో కలిసేలోపే ఎండిపోతుంది.

రెండు వైపులా సాక్షులు

ఉద్యోగం చేస్తూ బొమ్మలు వేసినవారు లేరా? ఉన్నారు. రాజమండ్రి ప్రభుత్వ కళాశాలకు 1909 నుండి 1919 వరకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా ఉన్నారు. కాలేజీ నడపడం తేలిక పని కాదు. అయినా ఆయన బొమ్మలు వేసేవారు, వేసే కుర్రవాళ్లను వెతికి చేరదీసేవారు. అడివి బాపిరాజు గారు, దామెర్ల రామారావు గారు ఆ చెట్టు నీడన పెరిగినవారే. రామారావు గారు బొంబాయి జె.జె. కళాశాలలో చేరడానికి తోడ్పడింది కూడా ఆ ప్రిన్సిపాలుగారే. ఆయన తీరిక వేళల్లో వేసిన బొమ్మలను మనలో ఎందరు చూశారు? ఆ తీరిక వేళల్లో ఆయన కనిపెట్టిన కుర్రవాళ్లు మాత్రం తెలుగుదేశానికి మిగిలారు.

మాంచెస్టరు దగ్గర ఎల్.ఎస్. లౌరీ అని ఒకాయన ఉండేవారు. 1910 నుండి 1952లో రిటైరయ్యే వరకు ఒక ఆస్తుల కంపెనీలో ఇళ్ల అద్దెలు వసూలు చేసే గుమాస్తా. పగలు ఇంటింటికీ తిరిగి అద్దె వసూలు, సాయంత్రాలు బొమ్మల క్లాసులు. 1932లో తండ్రి చనిపోయాక, మంచం పట్టిన తల్లికి 1939లో ఆమె మరణించే వరకు సేవ చేశారు. ఆమె నిద్రపోయాక రాత్రివేళ బొమ్మలు వేసేవారు. మిల్లుల పొగ గొట్టాలు, వాటి కింద చీమల్లా నడిచే కూలి జనం ఆయన ప్రకృతి చిత్రాలు. అద్దెల కోసం తిరిగిన వీధులే ఆయన బొమ్మల్లోకి వచ్చాయి. తాను గుమాస్తానని చాలా కాలం ఎవరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే ఆదివారం చిత్రకారుడని తేలిక చేస్తారని భయం.

అయితే ఈ ఇద్దరినీ చూపించి, “చూడు, కష్టపడితే రెండూ కుదురుతాయి” అనడం న్యాయం కాదు. రెండో వైపు సాక్షి దామెర్ల వారే. 1897లో పుట్టి, 1925 ఫిబ్రవరిలో మశూచితో, 28 ఏళ్లు నిండకముందే వెళ్లిపోయారు. ఆ కొద్ది ఏళ్లూ చిత్రకళకే ఇచ్చారు. ముందు ఉద్యోగం, రిటైరయ్యాక బొమ్మలు అని ఆయన అనుకుని ఉంటే, ఇప్పుడు రాజమండ్రిలో ఆయన పేరున చిత్రశాల ఉండేదే కాదు. “తరువాత చేద్దువులే” అని పిల్లలకు చెప్పేటప్పుడు, ఆ తరువాత మన చేతిలో లేదని జ్ఞాపకం ఉంచుకోవాలి.

కాబట్టి ఎవరెవరో ఏం చేశారన్న లెక్కతో ఈ ప్రశ్న తేలదు. ఇక నా సంగతి చెప్పుకోవాలి.

నేను రెండుసార్లు పడ్డాను

1998లో, వానాకాలం మొదట్లో ఒక శనివారం. పక్క క్యాంపులో జబ్బుతో ఉన్న ఒక ముసలి విశ్వాసి, “మాస్టారుని ఒక్కసారి వచ్చి పొమ్మనండి” అని కబురు పంపాడు. అప్పటికే నేను సంఘములో చిన్న బాధ్యతలు చూస్తున్నాను. సైకిలు తీశాను కూడా. అప్పుడు పడమటి వైపు మబ్బు లేచింది. దాని కింద నుండి వెలుతురు పొలాల మీద అడ్డంగా పడింది. అలాంటి వెలుతురు ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. రేపు ఆరాధన అయ్యాక వెళదాంలే అనుకొని కాలువ గట్టుకు పోయాను.

తెల్లవారేసరికి ఆయన లేడు. సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన భార్య చెప్పింది. ఒంగోలు వైపున్న అన్నగారితో ఆయనకు ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. క్షమించమని ఒక ఉత్తరం రాయించుకోవాలని నన్ను పిలిచాడట. ఆయనకు రాయడం రాదు. రాయగల చెయ్యి ఒకటి కావలసి వచ్చిన ఆ సాయంత్రం, నా చెయ్యి కుంచె పట్టుకొని ఉంది. ఆ బొమ్మ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. బొమ్మ బాగానే వచ్చింది. నన్ను ఎక్కువగా బాధించేది అదే.

అప్పుడు నేను రంగుల పెట్టె కట్టేశాను. ఇది మొదటి పతనానికి ప్రాయశ్చిత్తం అనుకున్నాను. నిజానికి రెండో పతనానికి మొదలు. పదకొండేళ్లు కుంచె ముట్టలేదు. హెడ్మాస్టరునయ్యాను. 2002లో మా జిల్లా బడులకు మధ్యాహ్న భోజన పథకం వచ్చింది. బియ్యం లెక్కలు, జనాభా లెక్కలు, ఎన్నికల డ్యూటీలు, వీటన్నిటి మధ్య పాఠాలు. నాకు తీరిక లేదని గర్వంగా చెప్పుకునేవాడిని. ఇష్టమైనదాన్ని వదులుకున్నాను గనుక, ఎవరి దగ్గర ఇష్టం కనబడినా నాకు కంటగింపుగా ఉండేది. ఒక రోజు లెక్కల పుస్తకం అంచున కొండ బొమ్మ గీస్తున్న ఒక పిల్లవాడిని చెంప మీద కొట్టాను. ఆ కాగితం చింపేశాను. కొండ బొమ్మ గీస్తే ఎందుకు కొట్టారని వాడి కళ్లు అడిగాయి. నా దగ్గర జవాబు లేదు.

ఆ పిల్లవాడే మొన్న క్రిస్మస్‌కు వేపచెట్టు కింద నాకు బొమ్మలు చూపించినవాడు. అందుకే నాకు మాట రాలేదు.

ఇంటావిడ వేసిన లెక్క

నన్ను నిద్రలేపింది మా ఇంటావిడ. ఒక రోజు నేను నా త్యాగం గురించి ఏదో అంటుంటే ఆమె నింపాదిగా అంది: “మీరు బొమ్మలు మానేశారు సరే. ఆ టైము మాకెవరికైనా ఇచ్చారా?” ఆలోచించాను. ఇవ్వలేదు. ఆ గంట బడి కాగితాలకూ, దినపత్రికకూ, చిరాకుకూ పోయింది. ఆమె ఇంకో మాట కూడా అంది. “అప్పుడు మాత్రం ఆ గంట మీ ఒక్కరిదా? మీరు గట్టు మీద కూర్చున్నప్పుడు గేదె పాలు తీసింది నేను, పిల్లలకు నీళ్లు కాచింది నేను. ఆ గంటలో సగం నాది.”

ట్రైనింగులో గాని, సంఘములో గాని ఇంత సూటియైన పాఠం నేను వినలేదు. అంతవరకు నేను అడిగిన ప్రశ్న “బొమ్మలు వేయడం మంచిదా చెడ్డదా” అని. అడగవలసిన ప్రశ్న “ఆ గంట ఎవరిది” అని. నిద్ర తగ్గించుకొని, కబుర్లు తగ్గించుకొని మిగుల్చుకున్న గంట నాది. దానితో ఏం చేసినా ఎవరికీ లెక్క చెప్పనక్కరలేదు. భార్య మీద పడిన పనితో దొరికిన గంట ఆమెది. జీతం తీసుకొని బడిలో దొంగిలించిన గంట పిల్లలది. చావుబ్రతుకుల్లో పిలిచినవాడి గంట ఆ సాయంత్రానికి నాది కానే కాదు.

మన సంఘములలో ఈ విషయం వచ్చినప్పుడు తలాంతుల ఉపమానం తప్పక వినబడుతుంది. దేవుడిచ్చిన తలాంతును పాతిపెట్టకూడదు అంటారు. నిజమే. నేను పదకొండేళ్లు పాతిపెట్టాను, ఫలితం చెప్పాను. అయితే ఆ ఉపమానంలో దాసులు తమకు అప్పగించిన సొమ్ముతో వ్యాపారం చేశారే గాని, పక్కవాడి మూటతో చేయలేదు. ఈ సగం మనము మరచిపోతాము. తలాంతు నాదైనంత మాత్రాన దానికి పెట్టుబడిగా వేరొకరి విశ్రాంతిని వాడుకొనే హక్కు నాకు రాదు.

మా ఇంట్లో ఒప్పందం ఇలా కుదిరింది. వారానికి రెండు ఉదయాలు నావి. ఇంకో రెండు ఉదయాలు ఆమెవి. ఆ రోజుల్లో పాలు, పొయ్యి నేను చూడాలి. ఆమె తన ఉదయాల్లో ఏం చేస్తుందో నేను అడగను. మొదటి నెలలో రెండుసార్లు పాలు పొంగబెట్టి, ఒకసారి గేదెతో తన్నించుకున్న తరువాత, నేను అంతకుముందు ఎంత అప్పు పడ్డానో నాకు తెలిసింది.

వదులుకోవడం, ఉంచుకోవడం

ఇక్కడ ఒక స్త్రీ జీవితం చెప్పుకోవాలి. లిలియాస్ ట్రాటర్ 1853లో లండనులో పుట్టింది. ఆ కాలపు గొప్ప కళావిమర్శకుడు జాన్ రస్కిన్ ఆమె బొమ్మలు చూసి, చిత్రకళకే పూర్తిగా ఇచ్చుకుంటే ఎంతో గొప్ప స్థానానికి వస్తావని చెప్పాడు. ఆమె లండనులో దిక్కులేని స్త్రీల మధ్య సేవ చేస్తుండేది. చాలా మథనపడి 1879లో సేవనే ఎంచుకుంది. 1888లో అల్జీరియా వెళ్లి, 1928లో చనిపోయే వరకు అక్కడే ఉంది.

మిషనరీ కథగా దీన్ని చెప్పేవారు ఇక్కడితో ఆపుతారు. ఆమె కుంచె మాత్రం వదలలేదు. ఆమె డైరీల నిండా ఎడారి, ఖర్జూర చెట్లు, పువ్వులు, తెల్లవారుజాము ఆకాశం, అరచేతిలో పట్టేంత చిన్న చిన్న నీటిరంగుల బొమ్మలుగా ఉన్నాయి. ఆమె వదులుకుంది చిత్రకారిణిగా పేరును. చూడడాన్ని వదులుకోలేదు. నేను చేసింది దానికి తలక్రిందులు. పేరు ఎలాగూ లేదు గనుక, చూడడాన్నే వదులుకున్నాను.

చూపుకు గంట ఎప్పుడూ అవసరం లేదు కూడా. మన మస్కిలో అశోకుని శాసనం 1915లో బయటపడింది. అశోకుని పేరు స్పష్టంగా చెక్కి ఉన్న శాసనాల్లో మొదట దొరికింది అదే. కనిపెట్టింది ఎవరు? బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు. బంగారం వెతికే ఉద్యోగంలో ఉన్నవాడు బండ మీద గీతలను కూడా చూశాడు. ఉద్యోగం మన కళ్లను పూర్తిగా కొనుక్కోలేదు, మనము అమ్మితే తప్ప.

ఒక అభ్యంతరం, ఒక బాకీ

“ఇలా గంటలు లెక్కపెట్టుకుంటే గొప్ప చిత్రకారుడు తయారవుతాడా?” అని ఎవరైనా అడగవచ్చు. తయారు కాకపోవచ్చు. దామెర్ల వారి లాంటి జీవితానికి గంట చాలదు, ఆయుష్షు కావాలి. అలాంటి పిలుపు ఎవరికైనా నిజంగా ఉంటే, వాడు ఉద్యోగం వదిలితే తప్పని నేను అనను. అయితే ఇంట్లోవారితో కూర్చుని, ఖర్చెవరు మోస్తారో ముందుగా తేల్చుకొని వదలాలి. మోయబోయేవారు తెలిసి ఒప్పుకుంటే అది వారి దానం. తెలియకుండా మోపితే అది మన అప్పు.

ఇంకొక బాకీ కూడా ఉంది. నా బొమ్మల్లో నాట్లు వేసే ఆడవాళ్లు ఉంటారు. దూరం నుండి చూస్తే పచ్చని మడిలో ఎర్రచీరలు, నీలి చీరలు వరుసగా, చాలా అందంగా ఉంటాయి. ఒక ఉదయం వాళ్లలో ఒకామె గట్టెక్కి వచ్చి, నా కాగితం చూసి, “బాగుంది మాస్టారూ. మేము ఇలా ఉంటామని మాకు తెలియదు. మేము ఎప్పుడూ తల వంచుకునే ఉంటాం కదా” అంది. ఆ పొలం మనవాళ్లదే. ఆమెకు చూసే గంట లేకుండా చేసింది మనమే. విశ్రాంతి దినపు ఆజ్ఞలో ఇంటి యజమాని ఒక్కడే లేడు. దాసుడు, దాసి, పశువు, పరదేశి అందరూ ఉన్నారు. మనము ఈ నేలకు పరదేశులుగా వచ్చినవారము. నా గంట కోసం పోరాడే హక్కు నాకుంటే, ఆమె గంట గురించి ఆలోచించే బాధ్యత కూడా నాదే.

ఆ పిల్లవాడికి రాసినది

గత నెల వాడికి ఉత్తరం రాశాను. మొదటి పేజీలో ఆ రోజు కొట్టినందుకు క్షమించమని అడిగాను. రెండో పేజీలో జవాబు రాశాను. సారాంశం ఇది.

ఉద్యోగం మానకు, బొమ్మలు మానకు. ముందు నీ వారం కాగితం మీద వేసి, ప్రతి గంట పక్కన అది ఎవరిదో రాయి. నీదని తేలిన గంటలు ఎంత కొద్దివైనా, వాటికి కంపెనీ ఫోను వచ్చినా జవాబు ఇవ్వకు. పెద్ద కాగితాలు పక్కన పెట్టి పోస్టు కార్డంత కాగితాలు కొనుక్కో. ఒప్పుకున్న పనికి మించి వారంలో ఒక్క గంట కూడా మిగల్చని ఉద్యోగమైతే, తప్పు నీ ఇష్టానిది కాదు, ఆ ఉద్యోగానిది. అప్పుడు చిన్న ఉద్యోగం వెతుక్కో. ఎవరైనా పిలిచినప్పుడు మాత్రం, వెలుతురు ఎంత బాగున్నా కుంచె కింద పెట్టి వెళ్లు.

వాళ్ల నాన్నకు కూడా ఒక మాట చెప్పాను, మీకూ చెబుతున్నాను. ఆ ఇల్లు పిల్లవాడు అడిగి కొన్నది కాదు. పది మందిలో మన మాట నిలవడానికి, వాడి జీతం చూపించి మనము కొన్నది. మన పిల్లల పన్నెండేళ్లను మనమే తాకట్టు పెట్టి, వాళ్లకు బుద్ధి చెప్పమని మాస్టారిని అడుగుతున్నాము. మన నాన్నలకు తెగిన గట్టు నిజంగా ఉండేది. ఇప్పుడు మన గట్లు చాలా వరకు మనము కట్టుకున్నవే.

ఉత్తరానికి జవాబుగా పోస్టు కార్డంత కాగితం ఒకటి వచ్చింది. దాని మీద మా బడి వెనుక కొండ. వెనుక వైపు ఒకే మాట రాశాడు: “ఇది నా గంటలోనే వేశాను మాస్టారూ.”

క్షమించానని రాయలేదు. అయినా దాన్ని ఆ పాత బొమ్మ పక్కనే బీరువాలో పెట్టుకున్నాను.

మీ సహోదరుడు,
సింధనూరు తాలూకా నుండి ఒక సంఘ పెద్ద